ఆపిన మాత్ర సంగతి కూడా చెప్పండి

ఈ సంచికకు ఫిట్స్ గురించి వచ్చిన ఉత్తరాలే తీసుకున్నాను. నాలుగు వేరువేరు ఇళ్ళు, నాలుగు వేరువేరు వయసులు. కానీ నాలుగింటిలోనూ ఎక్కడో ఒక మాత్ర ఉంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మా అమ్మకు 68 ఏళ్ళు. బీపీ కోసం నీరు తీసే మాత్ర, దిగులు తగ్గడానికి ఏడాదిగా ఎస్సిటలోప్రామ్ వాడుతోంది. పోయిన నెల నడుము పట్టేస్తే ట్రమడాల్ రాశారు. నొప్పి తగ్గడం లేదని ఒకటి వేసుకోవలసిన చోట రెండేసి వేసుకుందట, మాకు తర్వాత తెలిసింది. ఎనిమిదో రోజు తెల్లవారుజామున మంచం మీదే బిగుసుకుపోయి, కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. నాలుక కరుచుకుంటుందేమోనని నోట్లో చెంచా పెట్టాం. ముందు పన్ను విరిగింది. రెండు మూడు నిమిషాలకు ఆగింది. మధ్యాహ్నానికి లేచి మామూలుగా మాట్లాడింది కదా అని ఆసుపత్రికి వెళ్ళలేదు. ఇది జరిగి నాలుగు రోజులైంది. భయపడి మందులన్నీ ఆపేశాం. ఈ వయసులో అమ్మకు మూర్ఛ వ్యాధి మొదలైనట్టేనా? ఇక జన్మంతా మందులు వాడాలా?
— ఒక కూతురు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివిన రోజే ఫోను చేసి, ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాను. పత్రిక చేతికి వచ్చేదాకా ఆగే సంగతి కాదు ఇది. రక్తపరీక్షలో సోడియం 122 అని తేలిందని మర్నాడు మీరే చెప్పారు. ఉండవలసింది 135 నుంచి 145 మధ్య. ఇప్పుడామె కోలుకుంటున్నారు కాబట్టి, మీ అనుమతితో మిగతావారి కోసం వివరంగా రాస్తున్నాను.

ముందు మీ భయం సంగతి. ఒక మందు వల్లనో, సోడియం పడిపోవడం వల్లనో వచ్చిన ఫిట్స్‌ను మూర్ఛ వ్యాధి అనరు. పైకి ఏ కారణమూ కనబడకుండా, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు వస్తే సాధారణంగా ఆ పేరు పెడతారు. కారణాన్ని తొలగిస్తే మీ అమ్మగారిలాంటి చాలామందికి జన్మంతా మందులు వాడే అవసరం రాదు. అయితే ‘మందు వల్లే వచ్చింది’ అని తేల్చే పని ఇంట్లో జరగకూడదు. 68 ఏళ్ళకు మొదటిసారి ఫిట్స్ వచ్చిందంటే పక్షవాతం, మెదడులో రక్తస్రావం, గడ్డ, ఇన్ఫెక్షన్ ఇవేవీ లేవని చూసుకున్నాకే మాత్రను తప్పుపట్టాలి. స్కానింగు, మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే ఈఈజీ, షుగరు, సోడియం, కాల్షియం, మూత్రపిండాల పరీక్షలు చేసేది అందుకే. మొదటిసారి ఫిట్స్ వచ్చినవారు ఏ వయసువారైనా, అరగంటలో లేచి నవ్వుతూ మాట్లాడినా, ఆ రోజే డాక్టరు చూడాలి. మీరు నాలుగు రోజులు ఆగారు. ఆ నాలుగు రోజుల్లో రెండోసారి రాకపోవడం మీ అదృష్టం.

ఇక ఇది ఎలా జరిగిందో చూద్దాం. మెదడులోని నరకణాలకు ఉసిగొల్పే సంకేతాలూ, అదుపుచేసే సంకేతాలూ ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. చెరువుకు గట్టు ఉన్నట్టు ప్రతి మెదడుకూ ఒక గట్టు ఉంటుంది. నీరు గట్టు దాటితే ఫిట్స్. కొన్ని మందులు ఆ గట్టు ఎత్తును తగ్గిస్తాయి. ట్రమడాల్ అలాంటిదే. రోజుకు 400 మిల్లీగ్రాములు మించకూడదు, 75 ఏళ్ళు దాటినవారికి 300 మించకూడదు. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, చెప్పిన మోతాదులో వాడినా ఫిట్స్ వచ్చినవారున్నారు. దానికి ఎస్సిటలోప్రామ్ వంటి దిగులు మందు తోడైతే గట్టు ఇంకాస్త కుంగుతుంది. పైగా ఎస్సిటలోప్రామ్, థయాజైడ్ రకం నీరు తీసే మాత్ర రెండూ సోడియంను దించగలవు. పెద్దవయసు స్త్రీలలో ఇది మరీ ఎక్కువగా చూస్తాం. ఏ మందుకు ఆ మందు విడిగా చూస్తే ఎవరూ తప్పు రాయలేదు. మూడూ ఒక ఒంట్లో కలిశాయి, నొప్పి భరించలేక ఆమె ఒకదాన్ని రెట్టింపు చేసుకున్నారు.

ఫోనులో మీరన్న ఒక మాట ఇక్కడ రాయాలి. ఫిట్స్ రావడానికి రెండు రోజుల ముందునుంచే ఆమె తల బరువుగా ఉందన్నారు, కడుపులో తిప్పుతోందన్నారు, గోడ పట్టుకుని నడిచారు. నొప్పి మాత్ర మత్తు అనుకున్నాం అన్నారు మీరు. సోడియం పడిపోతున్నప్పుడు కనిపించే గుర్తులు సరిగ్గా ఇవే. కొత్త మందు మొదలుపెట్టిన వారం పది రోజుల్లో పెద్దవాళ్ళు మగతగా, తికమకగా, తూలుతూ కనిపిస్తే ఆ రోజే ఫోను చేసి అడగండి. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోయేది. అలాగని ఇంట్లో ఉప్పు తినిపించి సరిచేసే ప్రయత్నం వద్దు. పడిపోయిన సోడియంను మరీ వేగంగా పెంచినా మెదడు దెబ్బతింటుంది, గంటగంటకూ లెక్క చూసుకుంటూ పెంచాలి.

చెంచా విషయంలో మిమ్మల్ని నొప్పించాలని లేదు, కానీ చెప్పక తప్పదు. ఫిట్స్ వస్తున్నప్పుడు నోట్లో ఏదీ పెట్టకూడదు. నాలుక గొంతులోకి జారి మింగుడుపడదు. కరుచుకున్న నాలుక దానంతటదే మానుతుంది, విరిగిన పన్ను మళ్ళీ రాదు, ఆ ముక్క ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నురుగు, ఉమ్మి బయటికి కారిపోతాయి. తల కింద మెత్తటిది పెట్టండి. కళ్ళజోడు తీసేయండి, మెడ దగ్గర బట్ట వదులు చేయండి. కొట్టుకునే చేతులను, కాళ్ళను అదిమి పట్టుకోవద్దు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు గానీ మాత్ర గానీ నోట్లో వేయవద్దు.

గడియారం చూడండి. పక్కన నిలబడి చూసేవారికి రెండు నిమిషాలు అరగంటలా తోస్తుంది, అందుకే మన అంచనాను నమ్మలేం. చాలావరకు ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. 5 నిమిషాలు దాటాక కూడా కొట్టుకుంటూనే ఉంటే అది తనంతట తాను ఆగే అవకాశం తక్కువ, ఆ నిమిషానికే అంబులెన్స్ పిలవాలి. 30 నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వతంగా హాని జరిగే ప్రమాదం ఉంది, దారిలో పట్టే సమయం కూడా అందులోనే కలుస్తుంది. ఒకటి ఆగి, తెలివి రాకముందే రెండోది మొదలైనా అంతే. ఆగాక ఊపిరి సరిగా ఆడకపోయినా, పడి తలకు దెబ్బ తగిలినా, నీళ్ళలో ఉండగా వచ్చినా, గర్భిణికి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా, మందులు ఎక్కువ మోతాదులో మింగారని అనుమానం ఉన్నా గడియారంతో పని లేదు, వెంటనే బయలుదేరాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్రలు గానీ వాడేవారికి ఫిట్స్ వస్తే షుగరు పడిపోయిందేమో మొదట చూడాలి. గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చున్నా ఇంటికి తీసుకెళ్ళిపోకండి. ఆ మాత్రల ప్రభావం చాలా గంటలుంటుంది, షుగరు మళ్ళీ పడిపోతుంది.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళండి. ఈ మాట నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి ఒక రాత్రి కారణం. డ్యూటీ డాక్టరుగా పనిచేస్తున్న రోజుల్లో రెండేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చారు. ఫిట్స్ ఆగడం లేదు. ఫిట్స్‌ను ఆపే ఇంజెక్షన్ ఇచ్చాం, మళ్ళీ ఇచ్చాం, ఒక్క క్షణం తగ్గి మళ్ళీ మొదలవుతోంది. తలుపు పక్కన నిలబడ్డ అమ్మమ్మ పిడికిలి విప్పింది. చెమటకు తడిసిన మాత్రల స్ట్రిప్పు ఒకటి ఉంది అందులో. క్షయ రాకుండా ఆమె వాడుకుంటున్న ఐసోనియాజిడ్, 300 మిల్లీగ్రాములవి. నాలుగు గుంటలు ఖాళీ. ఆ మందు ఎక్కువైతే శరీరంలో విటమిన్ బీ6 పనిచేయకుండా పోతుంది. మెదడును అదుపుచేసే గాబా అనే పదార్థం తయారు కావాలంటే బీ6 కావాలి. అది లేనప్పుడు మామూలు ఫిట్స్ మందులు ఎన్ని ఇచ్చినా సరిగా పనిచేయవు. మింగిన మందు ఎన్ని గ్రాములో బీ6 కూడా అన్ని గ్రాములు ఎక్కించాలి. నాలుగు ఖాళీ గుంటలు అంటే 1.2 గ్రాములు. లెక్క ఆ స్ట్రిప్పులోనే ఉంది. బీ6 ఎక్కిన కాసేపటికి పిల్లవాడు నిమ్మళించి నిద్రపోయాడు. ఆ అమ్మమ్మ స్ట్రిప్పును ఇంట్లో చెత్తలో పారేసి వచ్చి ఉంటే మేము ఎంతసేపు తడుముకునేవాళ్ళమో ఇప్పటికీ తలచుకుంటాను.

అందుకే స్ట్రిప్పును పేరున్న చోట కత్తిరించి వాడకండి, ఖాళీది పారేయకండి. డాక్టరు రాసినవే కాదు, పక్కింటివారిచ్చిన మాత్ర, దగ్గు మందు, నిద్ర మందు, మూలికల పొడి అన్నీ సంచిలో ఉండాలి. గత రెండు మూడు వారాల్లో ఏది కొత్తగా మొదలైందో, దేని మోతాదు మారిందో, ఏది ఆపేశారో కాగితం మీద రాసుకోండి. చివరిదాన్ని ఎవరూ చెప్పరు, మేము అడిగితే తప్ప.

భయంతో మందులన్నీ ఒక్కసారిగా ఆపేశామన్నారు. ట్రమడాల్ ఆపడం సరే. మిగతావి డాక్టరును అడగకుండా ఆపవలసినవి కావు. మీ అమ్మగారి మందుల్లో ఫిట్స్ మాత్రో నిద్ర మాత్రో లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే ఏమయ్యేదో కింది ఉత్తరం చెబుతుంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. నిద్ర పట్టక, ఆందోళన తగ్గక రెండేళ్ళుగా ఆల్ప్రాజోలామ్ 0.5 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, రాత్రి రెండు వేసుకుంటున్నాను. మొదట డాక్టరు రాసినవే, తర్వాత పాత చీటీ చూపించి కొనుక్కున్నాను. అలవాటైపోతుందని చదివి, మనసు గట్టి చేసుకుని ఒక్కరోజులో మానేశాను. రెండు రోజులు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, కన్ను మూతపడలేదు. మూడో రోజు స్నానాల గదిలో పడిపోయాను, కొట్టుకున్నానని నా భార్య చెప్పింది. భయం వేసి మళ్ళీ మాత్ర మొదలుపెట్టాను. ఇప్పుడు ఎలా మానాలి? డాక్టరు దగ్గర ఈ సంగతి చెప్పాలంటే తల కొట్టేసినట్టుంది.

జవాబు: బాబూ, మానాలన్న మీ పట్టుదల మంచిది. పద్ధతి ప్రాణం తీసేది. ఆల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్, లోరాజెపామ్, డయాజెపామ్ వంటివన్నీ మెదడులో గాబా పనిని బలపరుస్తాయి. ఆ సాయానికి అలవాటుపడిన మెదడు తన సొంత అదుపును కొంత సడలించుకుంటుంది. మందును ఒక్కరోజులో లాగేస్తే అదుపుచేసేవారు ఎవరూ ఉండరు. చేతుల వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం ఫిట్స్‌కు ముందు వచ్చిన హెచ్చరికలు. ఆల్ప్రాజోలామ్ ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి మీకు మూడో రోజుకే వచ్చింది. డయాజెపామ్ వంటి నిదానపు మందులైతే వారం దాటాక రావచ్చు, అప్పటికి మాత్ర మానిన సంగతే మనిషి మరచిపోతాడు. కండరాల బిగుతుకు వాడే బాక్లోఫెన్‌నూ ఇలాగే ఒక్కసారిగా ఆపకూడదు. రోజూ బాగా తాగేవారు మద్యం హఠాత్తుగా మానినా చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు, అందుకే అది కూడా డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

మాత్ర మళ్ళీ మొదలుపెట్టి ఇంట్లో కూర్చోవడంతో ఇది తీరదు. ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ణో, నరాల వైద్యుణ్ణో కలవండి. పడినప్పుడు తలకు దెబ్బ తగిలి ఉంటే, లేదా వణుకు మళ్ళీ మొదలైతే, లేనివి కనబడుతున్నట్టు అనిపిస్తే ఇవాళే ఎమర్జెన్సీకి వెళ్ళండి. మోతాదును కొద్దికొద్దిగా, వారాల మీద, ఒక్కోసారి నెలల మీద తగ్గిస్తారు. మధ్యలో ఇబ్బంది వస్తే అక్కడే కొన్నాళ్ళు ఆగుతారు. డాక్టరు చెప్పేదాకా బండి నడపవద్దు, ఎత్తులెక్కవద్దు, ఈతకు వెళ్ళవద్దు, స్నానాల గది తలుపు గడియ పెట్టుకోవద్దు. చివరిది మీ భార్య కోసం కూడా చెబుతున్నాను.

సిగ్గు గురించి. రోజుకు ఎన్ని మాత్రలు వేసుకున్నారో, పాత చీటీతో ఎన్నాళ్ళు కొన్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు తక్కువ చేసి చెబితే తగ్గించడం కూడా తప్పు అంకె దగ్గర మొదలవుతుంది, మళ్ళీ ఫిట్స్ వస్తాయి. ముప్పయ్యేళ్ళుగా ఈ మాట విన్న ఏ రోగినీ నేను చిన్నచూపు చూడలేదు. ఎవరైనా డాక్టరు చూస్తే ఆ డాక్టరును మార్చండి, నిజాన్ని మార్చకండి.

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్ళు. వాంతులవుతుంటే మెటోక్లోప్రమైడ్ మాత్రలు ఇచ్చాం. సాయంత్రానికి మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, కళ్ళు పైకి నిలిచిపోయాయి, నాలుక బయటికి వచ్చింది. వాడికి అంతా తెలుస్తూనే ఉంది, ‘అమ్మా, మెడ రావడం లేదు’ అని ముద్దగా అంటున్నాడు. ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్ ఇస్తే కాసేపటికి తగ్గిపోయింది. ‘ఇది ఫిట్స్ కాదు’ అని పంపించేశారు. మాకు నమ్మకం కలగడం లేదు. మూర్ఛ ఉన్నా మా దగ్గర దాస్తున్నారా?

జవాబు: దాచలేదమ్మా, వారు చెప్పింది నిజమే. మీరు రాసిన ఒక్క వాక్యం చాలు. మెడ తిరిగిపోయి, కళ్ళు పైకి నిలిచి ఉండగా ‘అమ్మా’ అని పిలిచాడంటే తెలివి పోలేదు. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్‌లో మాట ఉండదు, పిలిస్తే పలకరు, ఆగాక కాసేపు ఎక్కడున్నదీ తెలియదు. మీవాడికి వచ్చింది డిస్టోనియా. వాంతుల మాత్ర మెదడులో డోపమైన్ అనే పదార్థాన్ని అడ్డుకోవడం వల్ల కండరాలు బిగుసుకుంటాయి. పిల్లల్లో, యువతలో ఎక్కువ, మందు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. మీరు ఆసుపత్రికి పరుగెత్తడం సరైన పని. ఇది ఏదో ఇంట్లో తేల్చుకోవలసిన పని లేదు, గొంతు కండరాలు బిగిస్తే ఊపిరికీ అడ్డం రావచ్చు. వాడి ఫైలు మొదటి పేజీలో మెటోక్లోప్రమైడ్ పడదని పెద్ద అక్షరాలతో రాసి, ప్రోక్లోర్‌పెరజిన్ వంటి అదే రకం మందులు రాసేముందు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. మూర్ఛకు లామోట్రిజిన్ వాడుతున్నాను, మూడేళ్ళుగా ఫిట్స్ లేవు. పెళ్ళయ్యాక గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాను. రెండు నెలల్లో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, ఒక్కోటి నిమిషంలోపే ఆగింది. ఒక్క పూట కూడా మాత్ర మానలేదని ఒట్టేసి చెబుతున్నా ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు.

జవాబు: నేను నమ్ముతున్నానమ్మా. మూర్ఛ ఉన్నవారికి ఫిట్స్ తిరగబెడితే మాత్ర మరచిపోయారేమోనని అందరికీ మొదట అనుమానం వచ్చేది నిజమే, ఎక్కువసార్లు కారణం కూడా అదే. మీ విషయంలో వేరు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లామోట్రిజిన్‌ను ఒంట్లోంచి వేగంగా పంపించేస్తాయి. మీరు వేసుకునే మోతాదు అంతే ఉన్నా, రక్తంలో ఉండే మందు దాదాపు సగానికి పడిపోవచ్చు. ఈ ఉత్తరాన్ని మీ ఇంట్లోవారికి చదివి వినిపించండి.

మూర్ఛ డాక్టరుకు, గర్భనిరోధక మాత్ర రాసిన డాక్టరుకు మధ్య మీ మందుల చీటీ తిరగలేదు. ఇప్పుడు రెండు చీటీలూ తీసుకుని ఈ రెండు మూడు రోజుల్లో మీ మూర్ఛ డాక్టరును కలవండి. నిమిషంలో ఆగి, మీకు పూర్తిగా తెలివి వచ్చిన ఫిట్స్‌కు ప్రతిసారీ అంబులెన్స్ అక్కర్లేదు. 5 నిమిషాలు దాటితే, వెంటవెంటనే వస్తే, ఎప్పుడూ లేని తీరులో వస్తే మాత్రం పిలవాలి. ఇంట్లో ఉంచుకోవడానికి ఫిట్స్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే మీకు అవసరమా అని కూడా అడగండి.

ఈ పేచీ ఒక్క లామోట్రిజిన్‌దే కాదు. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ వంటి మూర్ఛ మందులు వాడేవారిలో వ్యవహారం తిరగబడుతుంది, అవి గర్భనిరోధక మాత్రనే బలహీనం చేస్తాయి. వాల్ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందు వాడేవారు ఆసుపత్రిలో చేరితే, మెరోపెనెమ్ రకం యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పెట్టేముందు ఆ సంగతి చెప్పి తీరాలి. అది వాల్ప్రోయేట్‌ను ఒకటి రెండు రోజుల్లోనే అడుగంటిస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, మలేరియాకు వాడే మెఫ్లోక్విన్, ఇందాక చెప్పిన ట్రమడాల్ ఇవన్నీ మూర్ఛ ఉన్నవారికి ఆలోచించి రాయవలసినవి. మందుల షాపులో నేరుగా అడిగి కొనుక్కోకండి.

మీ ముందు రెండు దారులున్నాయి. గర్భనిరోధక మాత్ర కొనసాగిస్తూ లామోట్రిజిన్ పెంచడం ఒకటి, కాపర్ టీ వంటి హార్మోను లేని పద్ధతికి మారడం మరొకటి. మొదటి దారి పట్టాక ఎప్పుడైనా గర్భనిరోధక మాత్ర ఆపాలనుకుంటే, పిల్లల కోసమైనా సరే, ఆపడానికి ముందే డాక్టరుకు చెప్పండి. పెంచిన మోతాదు అలాగే ఉండగా ఆ మాత్ర ఆగిపోతే రక్తంలో లామోట్రిజిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. తల తిరుగుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, అడుగు తూలుతుంది. గర్భం వచ్చాక మళ్ళీ తగ్గిపోతుంది, అప్పుడు నెలనెలా రక్తంలో మందు ఎంతుందో చూసి మోతాదు సర్దుతారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం రావడానికి ముందునుంచే వేసుకోవాలి. ఆ మాట ఈసారి వెళ్ళినప్పుడే అడిగి రాయించుకోండి.